అన్యులకు అప్పగించరాదు

పాపాయమ్మగారు నిన్న రెండుగా చింపి విసిరేసిన కాగితం ఇంకా వీధి అరుగు మీదే ఉంది. గాలికి ఎగిరిపోకుండా దాని మీద గులాబీ కుండీ పెట్టింది బుజ్జమ్మే. పొద్దున్నే ఊడుస్తూ చీపురు కుండీ చుట్టూ తిప్పింది గానీ, ముక్కలు తీసి పారేసే ధైర్యం మాత్రం చెయ్యలేదు.

"ముగ్గేమన్నా వేస్తున్నావేంటి, దాని చుట్టూ తిరుగుతున్నావు?" పడక్కుర్చీలోంచి భర్త కుక్కుటేశ్వరరావుగారు అడిగారు.

"నాకెందుకండీ బాబూ! కోర్టు కాగితాలు ముట్టుకుంటే నా మీద ఏ సెక్షన్ పడుద్దో. రాసినోళ్ళే తీసుకోవాలి."

"అది కోర్టు కాగితం కాదే. ఒప్పంద పత్రం."

"పత్రమో, పురుగో! దాని పుణ్యమా అని ఇవాళ మణిబాబు రాలేదు. ఈపాటికి నా కొంగు పట్టుకుని బెల్లం ముక్క అడుగుతా ఉండేవాడు."

మధ్యగదిలో, తను పగలంతా చూసుకునే పిల్లలకి పాలు కలుపుతున్న కోడలు దేవిశ్రీకి వాళ్ళ పోట్లాట కన్నా, అది ఉన్నట్టుండి ఆగిపోవడమే ఎక్కువ వినిపించింది.

చాప మీద ముగ్గురు పిల్లలే ఉన్నారు. నాలుగో గ్లాసు అలవాటుగా తీసి, మళ్ళీ బోర్లించింది.

"మణి ఏడీ?" నాలుగేళ్ళ దుర్గాశ్రీ నిలదీసింది. ఆ చాప మీద పెత్తనమంతా దానిదే.

"వాళ్ళ నానమ్మ దగ్గర ఉన్నాడమ్మా."

"ఎందుకు?"

"నానమ్మగారికి కోపం వచ్చింది."

"మణి మీదా?"

"కాదు, నా మీద."

దుర్గాశ్రీ మూతికి అంటిన పాలు తుడుచుకుని కాసేపు ఆలోచించింది. "అయితే నిన్ను కదా ఇంట్లో కూర్చోబెట్టాలి?"

దేవిశ్రీకి నవ్వొచ్చింది. నిన్నటి నుంచీ రాని నవ్వు. వెనకాలే కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి గానీ, పిల్లల ముందు ఏడవకూడదన్నది ఆమె తనకి తాను పెట్టుకున్న షరతు. దానికి కాగితం లేదు.

నిన్న జరిగింది వీధంతా చూసింది. పొద్దున పదకొండు గంటలకి పాపాయమ్మగారు కారేసుకుని వచ్చి, దిగకుండానే, "మా వాణ్ణి పంపమ్మా, పనుంది" అన్నారు. మణిదీప్ తల్లి సత్యశ్రీ రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగి. కౌంటర్లో కూర్చుంటే ఫోను సొరుగులోనే. తండ్రి గణేష్‌బాబుకి కడియంలో నర్సరీ. లారీకి మొక్కలు ఎక్కిస్తున్నప్పుడు ఆ కేకల్లో ఫోను మోగినా వినపడదు. దేవిశ్రీ ఇద్దరికీ చేసింది. ఇద్దరూ ఎత్తలేదు.

"వాళ్ళు చెప్పేదాకా పంపలేనండి పిన్నిగారూ. లోపలికొచ్చి కూర్చోండి, మజ్జిగ ఇస్తాను" అంది.

పాపాయమ్మగారు మజ్జిగ తాగలేదు. "నా మనవణ్ణి నాకు పంపకపోవడం ఏ కాగితంలో ఉందో చూపించు" అన్నారు. చూపించింది. ఆవిడ దాన్ని డ్రైవరు చేతికిచ్చి పైకి చదవమన్నారు. ఆ పుణ్యాత్ముడు నాటకంలో పద్యం ఎత్తుకున్నట్టు రాగం తీసి మరీ చదివాడు. "సదరు బాలుని నా స్వాధీనమందుంచుకొని" అన్నచోట ఆవిడ కారు దిగారు. "అన్యులకు ఎంతమాత్రమూ అప్పగించరాదు" అన్నచోట కాగితం లాక్కుని చింపారు.

"నేను అన్యురాలినా? వాడి తాత పేరు పెట్టినదాన్ని, నేను అన్యురాలినా?"

ఆ గొంతులో ఉన్నది కోపం ఒక్కటే కాదని దేవిశ్రీకి తెలిసింది. కానీ బదులు చెప్పేలోగా ఆవిడ కారెక్కేశారు. ఆ కాగితం రద్దయితేగానీ తమ పిల్లాడు ఈ గడప తొక్కడని కారు కిటికీలోంచి తీర్పు కూడా చెప్పేశారు. సాయంత్రం సత్యశ్రీ వచ్చి కొడుకుని తీసుకెళ్ళింది. పొద్దున తీసుకురాలేదు.

మణిదీప్ కావాలంటే కాగితం పోవాలి. కాగితం కావాలంటే మణిదీప్ పోవాలి. దేవిశ్రీకి రెండూ కావాలి.

కాగితం ఆమెకి ఊరికే రాలేదు. మొదట్లో అన్నీ నోటి మాటే. "మా అమ్మాయిలాంటిదానివి, నీకు చెప్పాలా" అనేవారు. అనేసి ఎనిమిదింటికి రావాల్సినవాళ్ళు పదింటికి వచ్చేవారు. జ్వరం బిడ్డని చెప్పకుండా వదిలేసి బస్సెక్కేసేవారు. ఆదివారం పెళ్ళికెళ్తూ "కాసేపమ్మా" అని గుమ్మంలో దింపేసేవారు. మొహమాటంతో ఒకసారి తలూపితే అది ఆచారమైపోయేది. కాగితం వచ్చాకే దేవిశ్రీకి ఆదివారం వచ్చింది. కాగితం వచ్చాకే "పిల్లల్ని ఆడించే అమ్మాయి" పోయి, "దేవిశ్రీగారి దగ్గర వదులుతున్నాం" అనడం వచ్చింది. ఒకరి దగ్గర చింపితే, మిగిలిన ముగ్గురి దగ్గరా అది చిత్తుకాగితమే.

చిక్కల్లా ఒక్కటే. ఆ కాగితం రాసింది ఆమె కాదు, మావగారు. కుక్కుటేశ్వరరావుగారు ముప్ఫై ఏళ్ళుగా చుట్టుపక్కల చేపల చెరువులకీ, నర్సరీ భూములకీ లీజు కాగితాలు రాసిన మనిషి. పిల్లాడికైనా, చెరువుకైనా ఆయన కలం ఒక్కదారినే నడుస్తుంది. రాయడానికి కూర్చున్న రోజున "నాలుగు హద్దులూ చెప్పమ్మా" అన్నారు. "పిల్లాడికి హద్దులేంటండి మావయ్యగారూ?" అంటే, పెద్ద మనసు చేసుకుని అవి మానేశారు. "తుఫాను గాని, ముంపు గాని సంభవించిన యెడల నష్టము ఉభయులమూ భరించగలవారము" అన్నది మాత్రం వదల్లేదు. గడువు తీరగానే సదరు బాలుని యథాస్థితిలో అప్పగించగలదానను అని కూడా రాశారు. పొద్దున తెల్లచొక్కాతో వచ్చి సాయంత్రానికి పప్పూ, రంగులూ పూసుకుని వెళ్ళే బాలుణ్ణి యథాస్థితిలో అప్పగించడం భీమేశ్వరుడి వల్ల కూడా కాదు.

*

పిల్లలకి పప్పన్నం కలుపుతుండగా సత్యశ్రీ ఫోన్ చేసింది.

"అక్కా, సాయంత్రం వస్తున్నాం. ఆయనా, అత్తయ్యా, అందరం. కాగితం సంగతి తేల్చేద్దామంటున్నారు."

"మణి అన్నం తిన్నాడా?"

"మా అత్తయ్య పెడుతున్నారంట. మూతి తిప్పేస్తున్నాడంట." గొంతు తగ్గించింది. "దేవమ్మ పెడితేనే తింటానంటున్నాడంట."

పిల్లలు ఆమెని అలాగే పిలుస్తారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. దేవిశ్రీకి లోపల గర్వంగానే అనిపించింది. అవతల సత్యశ్రీ మాత్రం నవ్వలేదు.

"సత్యా, నువ్వేమంటావు? కాగితం ఉంచుదామా, తీసేద్దామా?"

"నేను సంతకం పెట్టాను కదక్కా" అంది సత్యశ్రీ. ఉంచమన్నట్టో, పెట్టి తప్పు చేశానన్నట్టో తేల్చుకునేలోగా ఫోను పెట్టేసింది.

భర్త ఉదయ్‌భాస్కర్ మొక్కల లోడుతో నాగపూర్ దారిలో ఉన్నాడు. అతనికి చేస్తే లారీ హోరులో, "గొడవెందుకే, చింపెయ్యమంటే చింపెయ్. నాన్న మళ్ళీ ఇంకోటి రాస్తాడుగా" అని అరిచాడు.

నాన్న రాస్తాడు. ఆ మాట దగ్గరే దేవిశ్రీకి ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. పిల్లల్ని చూసేది తను. ఏ పిల్లకి ఏ పాట పాడితే నిద్దరొస్తుందో తెలిసింది తనకి. రాసేది మాత్రం చెరువులకి రాసే ఆయన. ఇన్నాళ్ళూ అది తప్పని తోచనే లేదు.

పిల్లల్ని పడుకోబెట్టి అరుగు మీదికి వచ్చింది.

"మావయ్యగారూ, ఈసారి కాగితం నేను రాస్తానండి."

ఆయన కళ్ళజోడు తీశారు. తుడిచారు. మళ్ళీ పెట్టుకున్నారు.

"నా రాతలో తప్పుందా అమ్మా?"

"తప్పు లేదండి. చెరువుకైతే ఒక్క అక్షరం తియ్యక్కర్లేదు."

వంటింట్లోంచి బుజ్జమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వు లేకపోయినా సరిపోయేది.

"సరే," అన్నారాయన. "ఇన్ని ఊళ్ళ వాళ్ళకి పనికొచ్చిన రాత ఇంట్లో పనికిరాలేదు. సరే."

"అది కాదండి..."

"సరేనన్నానుగా."

భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నారు. మామిడికాయ పప్పు అని చెప్పినా కదల్లేదు. అంటే కోపం గట్టిదే. కాసేపటికి దేవిశ్రీ తలుపు సందులోంచి చూసింది. ఆయన కుండీ జరిపి, చిరిగిన రెండు ముక్కలూ తీసి, మోకాలి మీద పక్కపక్కన పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదువుకుంటున్నారు. ఒకచోట తల అడ్డంగా ఊపారు. తర్వాత వాటిని మడిచి జేబులో పెట్టుకుని, "ఏమే, పప్పు చల్లారిపోయిందా?" అని కేకేశారు.

దేవిశ్రీ నిద్రపోతున్న పిల్లల పక్కన కూర్చుని తెల్లకాగితం తీసింది. మొదటి మాట "సదరు" అని పడింది. కొట్టేసింది. రెండోసారి కూడా అదే పడింది. మావగారి కలానికి కాదు, అసలు కాగితానికే ఆ జబ్బు ఉందేమో అనుకుంది.

ఇక కాగితాన్ని మర్చిపోయి, సత్యశ్రీ ఎదురుగా కూర్చుంటే నోటితో ఎలా చెబుతుందో అలా రాయడం మొదలుపెట్టింది. అప్పుడు కలం దానంతటదే సాగింది. రాస్తుంటే సంతోషం వేసింది. ఇది నా ఇల్లు, ఇది నా పని, ఈ పనిని నేను ఇలా చేస్తాను అని ఎవరినీ అడగకుండా చెప్పడం ఇంత తియ్యగా ఉంటుందని ఆమె ఎరగదు. దుర్గాశ్రీ నిద్రలో కాలు తెచ్చి ఒళ్ళో వేసింది. ఆ కాలు తియ్యకుండానే చివరిదాకా రాసేసింది.

*

మిగతా పిల్లలు వెళ్ళిపోయాక కారు వచ్చి ఆగింది. ముందు పాపాయమ్మగారు దిగారు. వెనకాల మణిదీప్‌ని ఎత్తుకుని గణేష్‌బాబు, ఆఖర్న బ్యాంకు సంచీతోనే సత్యశ్రీ.

"దేవమ్మా!" అంటూ మణిదీప్ తండ్రి భుజం మీదినుంచి జారి పరిగెత్తుకొచ్చి ఆమె మోకాళ్ళకి చుట్టుకున్నాడు.

ఎత్తుకోవాలని చేతులు లాగేశాయి. కానీ పాపాయమ్మగారి చూపు ఆ చేతుల మీదే ఉంది. తల నిమిరి, "నానమ్మగారికి కుర్చీ చూపించు నాన్నా" అంది.

బుజ్జమ్మ మంచినీళ్ళు తెచ్చింది. "తీసుకోండి వదినగారూ."

పాపాయమ్మగారు గ్లాసు అందుకుని పక్కన పెట్టారు. తాగలేదు. నేరుగా కుక్కుటేశ్వరరావుగారినే పట్టుకున్నారు.

"అన్నయ్యగారూ, మా ఆయన పోయిన దగ్గర్నుంచీ పొలం కౌలుకిస్తా ఉన్నాను. ఒక్కడి చేతిలోనూ కాగితం పెట్టలేదు. ఎందుకు? కాగితం చేతిలో పడ్డోడు మూడేళ్ళు తిరిగేసరికి పొలం నాదంటాడు. గుప్పెడు మట్టికే ఇన్ని జాగ్రత్తలు పడ్డాం. ఈవిడ చూడబోతే" అంటూ కోడలి వైపు గడ్డం చూపించి, "వంశానికి ఉన్న ఒక్కగానొక్కణ్ణి స్వాధీనం రాసిచ్చేసి చక్కా వచ్చింది."

"పిల్లాడి మీద కౌలుదారు హక్కు రాదు చెల్లెమ్మా" అన్నారు కుక్కుటేశ్వరరావుగారు.

"ఎందుకు రాదండీ? ఇంట్లో కూర్చున్నా వాడికి దేవమ్మే. దేవమ్మ ఇలా పెట్టింది, దేవమ్మ అలా పాడింది. నేను ముద్ద పెడితే మూతి తిప్పుకున్నాడు. హక్కంటే ఇంకేంటండీ?"

గణేష్‌బాబు తల ఎత్తి ఫ్యాను రెక్కల్ని పరిశీలించడం మొదలుపెట్టాడు. తల్లికీ భార్యకీ మధ్య కూర్చోవాల్సి వచ్చినప్పుడల్లా అతనికి అదే పని.

"నిన్న వాణ్ణి ఎక్కడికి తీసుకెళ్దామని వచ్చారో అది కూడా చెప్పండత్తయ్యా" అంది సత్యశ్రీ.

అందరూ తిరిగి చూశారు. ఆ పిల్ల అత్తగారి ముందు అంత మాట అనడం గణేష్‌బాబు కూడా చూసి ఉండడు.

పాపాయమ్మగారు గ్లాసు అందుకుని నీళ్ళు తాగారు.

"సామర్లకోట," అన్నాడు గణేష్‌బాబు ఫ్యానుతో. "డ్రైవరు చెప్పాడు. పుట్టువెంట్రుకలు తీయించడానికి."

దేవిశ్రీ వాడి జుట్టు వంక చూసింది. నిన్న తను మొహమాటపడి పంపేసి ఉంటే, సాయంత్రానికి వాడు గుండుతో వచ్చి తల్లి ఎదుట నిలబడేవాడు.

"అవును, అందుకే వచ్చాను," పాపాయమ్మగారు గ్లాసు దించారు. "వాడు పుట్టగానే పచ్చకామెర్లొచ్చి అద్దాలపెట్టెలో పడుకుంటే, భీమేశ్వరుడికి మొక్కుకున్నది ఎవరు? నేను. మూడో ఏడు దాటకుండా తలనీలాలు ఇస్తానన్నాను. మీరు చూస్తే మీ అన్నయ్యకి సెలవు లేదని ఇదిగో అదిగో అంటా ఉన్నారు. మూడో ఏడు వెళ్ళిపోతా ఉంది. నాకు నిద్ర పడుతుందా?"

"మేనమామ ఒళ్ళో కూర్చోకుండా తీయిస్తారా? నేను లేకుండా? మొక్కు ఉందని నాతో ఒక్కసారైనా అన్నారా?"

"అంటే వింటావా?"

"అని చూడాల్సింది."

దేవిశ్రీకి ఇద్దరి మీదా జాలేసింది. ఒకావిడ భయం దేవుడితో, ఇంకొకావిడ కోపం మనిషితో. మధ్యలో వాడు కుర్చీ కింద దూరి నానమ్మ చెప్పుల్ని బస్సులు చేసి నడుపుతున్నాడు.

"పిన్నిగారూ, పాత కాగితం తీసేశానండి. కొత్తది రాశాను. చదవమంటారా?"

"మళ్ళీ కాగితమా!"

"విని చూడండి. నచ్చకపోతే మాట్లాడుకుందాం."

"సదరూ గిదరూ లేకుండా చదువు."

దేవిశ్రీ గొంతు సవరించుకుంది. మావగారు ముందుకు వంగారు.

"మణిని పొద్దున అన్నం తినిపించి తీసుకొస్తారు. ఇక్కడ నేను పెట్టేది మా ఇంట్లో వండిందే. వాణ్ణి కొట్టను, బూచాడని భయపెట్టను, ఫోను చూపిస్తూ ముద్ద పెట్టను. ఒళ్ళు వెచ్చబడితే ఫోన్ చేస్తాను, ఇద్దరిలో ఒకరు ఎత్తాలి. ఆటలో మోకాలు చీరుకుంటే దాచకుండా చెప్తాను. ఆదివారం నాది, అడగకూడదు. సాయంత్రం ఆలస్యమైతే ముందే చెప్పాలి, నాకూ ఇల్లుంది. వాణ్ణి ఎవరు తీసుకెళ్ళవచ్చో తల్లీ తండ్రీ కలిసి పేర్లు చెప్పాలి. ఆ పేర్లలో లేనివాళ్ళు ఎంత కావాల్సినవాళ్ళయినా నేను పంపను. పంపనందుకు నా మీద కోపం తెచ్చుకోకూడదు."

పాపాయమ్మగారు కొంగు సర్దుకున్నారు.

"స్వాధీనం ఏదీ?"

"తీసేశానండి."

"అన్యులు?"

"వాళ్ళూ లేరండి."

"మరింకేముంది అందులో?"

"మణి ఉన్నాడు. నేను ఉన్నాను."

కుక్కుటేశ్వరరావుగారు పడక్కుర్చీలో వెనక్కి వాలారు. "ఇంత తేలిగ్గా రాస్తే కాగితం అంటారా అనుకున్నాను," అన్నారు ఎవరితోనూ కానట్టు. "బానే ఉంది. గట్టిగానే ఉంది."

దేవిశ్రీకి ఆ రెండు మాటలూ చాలు.

"కోపం తెచ్చుకోకూడదని కూడా రాశావేంటమ్మా!" పాపాయమ్మగారి పెదాల చివర ఏదో కదిలింది. నవ్వు కాదు గానీ దాని దగ్గరి చుట్టం. "అయితే రాసెయ్. తీసుకెళ్ళేవాళ్ళలో నా పేరు ముందు రాసెయ్. గొడవ వదిలిపోద్ది."

దేవిశ్రీ కలం తీసి సత్యశ్రీ వైపు చూసింది.

"వద్దక్కా" అంది సత్యశ్రీ.

గ్లాసులు తీస్తున్న బుజ్జమ్మ అలాగే నిలబడిపోయింది.

"గణేషూ?" పాపాయమ్మగారు కొడుకు వైపు తిరిగారు.

గణేష్‌బాబు ఫ్యాను వైపు చూశాడు. అక్కడ సాయం దొరకలేదు. "ఇప్పటికి వద్దులేమ్మా. పుట్టువెంట్రుకలు అయిపోనీ. అందరం కలిసే వెళ్దాం. నేనే దగ్గరుండి రోజు చూస్తాను."

పెళ్ళయిన తర్వాత అతను భార్య మాట పైకి అనడం అదే మొదలేమో, అనేసి తనే బెదిరినట్టు కూర్చున్నాడు. సత్యశ్రీ అతని వంక చూసిన చూపుకి ఒక నర్సరీ పూలు సరిపోవు.

కలం దేవిశ్రీ చేతిలోనే ఉంది. రాయకపోతే ఈవిడకి కోపం, రాస్తే తన షరతు తనే తప్పినట్టు.

"తల్లీ తండ్రీ చెప్పిన పేర్లే రాయాలండి పిన్నిగారూ. మీరు విన్నారు కదా."

పాపాయమ్మగారు లేచారు. వెళ్ళిపోతారని అందరూ లేచారు. ఆవిడ వెళ్ళలేదు. నడుం పట్టుకుని మెల్లిగా వంగి, నేల మీద మనవడి పక్కన చతికిలబడ్డారు.

"సరే. తీసుకెళ్ళను. రేపట్నుంచి నేనే ఇక్కడికొచ్చి కూర్చుంటాను. పొద్దున వాడితో వస్తాను, సాయంత్రం వాడితో పోతాను. దానికి నీ కాగితంలో అడ్డుందా?"

దేవిశ్రీ కాగితం వైపు చూసింది. పిల్లాణ్ణి ఎవరు తీసుకెళ్ళకూడదో రాసింది. ఇంటికి ఎవరు రాకూడదో రాయాలని తట్టలేదు.

"అయ్యో, అడ్డేముందండీ వదినగారూ! కాఫీలో పంచదార వేసుకుంటారా?" బుజ్జమ్మ మొహం వెలిగిపోయింది. రోజంతా కబుర్లకి మనిషి దొరికిన ఆనందంలో ఆవిడకి కోడలి మొహం కనిపించలేదు.

దేవిశ్రీ అలవాటుగా మావగారి వైపు చూసింది.

"నా వంక చూడకమ్మా. కాగితం నీది."

నిజమే. ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాపాయమ్మగారు. పిల్లల పాటలో తప్పులు, పప్పులో ఉప్పు, అన్నిటికీ తీర్పులు. భయం వేసింది. అయినా మనవడి కాలికి అంటిన మట్టి కొంగుతో తుడుస్తున్న ఆ ముసలి చెయ్యిని చూస్తే కాదనబుద్ధి కాలేదు.

"రండి పిన్నిగారూ. కానీ దానికీ ఒక కాగితం రాసుకుందాం. మీకూ నాకూ."

ఈసారి పాపాయమ్మగారు నిజంగానే నవ్వారు. "గట్టిదానివే! రాయి. నా ఎదురుగా రాయి."

అందరూ నవ్వారు. గణేష్‌బాబు కుర్చీలో కాళ్ళు చాపుకున్నాడు. దేవిశ్రీ ఇంకో తెల్లకాగితం తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఈసారి "సదరు" పడలేదు. "పిన్నిగారూ నేనూ అనుకున్నది" అని హాయిగా రాసుకుంది.

"మొదటి షరతు నాది," అన్నారు పాపాయమ్మగారు.

"చెప్పండి."

"వాడు నిన్ను దేవమ్మ అనకూడదు. ఆంటీ అనాలి. అమ్మ అన్న మాట ఉండకూడదు."

మణిదీప్ ఆ పేరు వినగానే తలెత్తి, "దేవమ్మా, బస్సు!" అని చెప్పు చూపించాడు.

దేవిశ్రీ కలం కాగితానికి ఆని ఆగిపోయింది. తల్లీ తండ్రీ చెప్పిన మాటే చెల్లుతుందని ఇందాక రాసింది తనే. సత్యశ్రీ వైపు చూసింది. వద్దంటుందనే చూసింది.

ఈసారి సత్యశ్రీ వద్దనలేదు.